వీడ్కోలు ముద్ద

కాకినాడలో శేషారత్నం భోజనానికి పిలిస్తే, తెలిసినవాళ్ళు ముందు ఇంట్లో కాస్త తిని మరీ వెళ్ళేవారు. ఆవిడ ఆదరణకి వంక పెట్టడానికి లేదు. కొసరి కొసరి వడ్డిస్తుంది, పక్కనే కూర్చుని ఊళ్ళో కబుర్లన్నీ చెబుతుంది. ఎటొచ్చీ ఆ వడ్డించేదాంట్లో ఉప్పు ఉండీ లేనట్టుంటుంది, కారం పేరుకి ఉంటుంది, నూనె అయితే వెతుక్కోవాలి. ఊళ్ళో ఒక ఆసుపత్రిలో ఆవిడ డైటీషియన్. రోగుల పళ్ళేల్లోంచి ఇవన్నీ తీసేయడమే ఉద్యోగమైన మనిషి, ఆ ఉద్యోగాన్ని సాయంత్రం ఆసుపత్రిలోనే వదిలేసి ఇంటికి రావడం ఎలాగో నేర్చుకోలేదు. వార్డుల్లో ఆవిడకి చప్పిడమ్మ అని పేరు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలిసినట్టు మాత్రం వాళ్ళకి తెలియనివ్వదు.

ఆవిడ భర్త సత్తిరాజు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మంచి భోజనప్రియుడు, అంతకు మించి మాటకారి. రాజమండ్రి రూటులో ఏ స్టాపు దగ్గర ఏ పాకలో పెసరట్టు బాగుంటుందో ఆయనకి టిక్కెట్టు రేట్లకన్నా బాగా తెలుసు. ఇంట్లో చప్పిడి, దారిలో కారం. అలా ఇద్దరి సంసారం ఏ గొడవా లేకుండా చాలాకాలం నడిచింది.

అలాంటి సత్తిరాజుకి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. అది ఆయన ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది పళ్ళెం. ఉప్పు తగ్గించిన కూర, నీళ్ళలో ఉడికించి వార్చేసిన కూరముక్కలు, గుడ్డులో తెల్లసొన. ఇవి తింటేనే ఒంట్లో కండ నిలుస్తుంది. ఆయన రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవాడు. కోపంతో కాదు. నోటికి సహించడం లేదు, అంతే. భుజాల మీద చొక్కా వేలాడడం మొదలైంది. ఇంకా బరువు తగ్గితే డయాలసిస్‌కి ఒళ్ళు తట్టుకోదనీ, ఆ తర్వాత తను చేయగలిగింది ఏమీ లేదనీ డాక్టరు చెప్పాడు. చెప్పింది శేషారత్నానికే. ఊళ్ళో అందరికీ ఏం తినాలో చెప్పే మనిషి, సొంత మొగుడికి నాలుగు ముద్దలు తినిపించలేకపోయింది. ఆ మాట ఆవిడకి పగలంతా ముల్లులా గుచ్చుకునేది.

ఆవిడకి ఒక్కటే ధైర్యం, భాండారం.

భాండారం అంటే కోస్తా డైటీషియన్ల సంఘం వాళ్ళు కూడబెట్టిన రుచులు. విశాఖలో నరాల మీద పరిశోధన చేసే నజీమా అనే శాస్త్రవేత్త, అంగిలికి అంటించుకునే పొర ఒకటి తయారుచేసింది. ఉల్లిపొరంత పలుచన. ఒకళ్ళు ఆ పొర పెట్టుకుని ఓ వంటకం తింటే, నాలుక నుంచీ ముక్కు నుంచీ మెదడుకి వెళ్ళే కబురునంతా అది పట్టుకుంటుంది. తర్వాత ఇంకొకళ్ళు అలాంటి పొరే పెట్టుకుని, ఫోనులో ఆ వంటకం పేరు నొక్కి ఉత్త అన్నం తిన్నా, ఆ వంటకమే తిన్నట్టుంటుంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అన్న సామెతని మనం నిజం చేద్దాం అని సంఘం అధ్యక్షురాలు మాణిక్యాంబ గారు ఎగిరి గంతేసినంత పని చేశారు, డెబ్భై దాటిన వయసులో.

నజీమా ఒక హెచ్చరిక చేసింది. ఆ కబురులో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇష్టం. దాన్ని పూర్తిగా పట్టుకోవాలంటే పూర్తిగా లాగాలి. చెరకు గానుగలో పెట్టినట్టే, రసం వచ్చాక మిగిలేది పిప్పి. ఇచ్చినవాళ్ళకి ఆ వంటకం మీద ఇష్టం మళ్ళీ పుట్టదు.

అందుకే బయటివాళ్ళ దగ్గర తీసుకోవద్దన్నారు మాణిక్యాంబ గారు. రోగుల నోటికి తాళం వేసేది మనమే, కాబట్టి ఇచ్చేదీ మనమే ఇవ్వాలన్నారు. ఎవరు ఇస్తున్నారో వాళ్ళే స్వయంగా వండుకుని రావాలన్నారు. రెండో శనివారం మీటింగులో ఆ సభ్యురాలి చుట్టూ అందరూ చేరి, ఆవిడతో పాటు తలా ఒక ముద్ద తినేవారు. దానికి వీడ్కోలు ముద్ద అని పేరు పెట్టుకున్నారు. ఆ ముద్ద తిన్నాక ఇచ్చినవాళ్ళని కౌగిలించుకోవడం, కళ్ళు తుడుచుకోవడం, ఫొటో తీసి గ్రూపులో పెట్టడం. అలా అనకాపల్లి నుంచి నరసాపురం దాకా సభ్యులు తలా ఒకటి ఇచ్చారు. తీరా చూస్తే, ఇచ్చిన వంటకాన్ని తర్వాత తిన్నప్పుడు తేడా ఉందని ఒక్కళ్ళూ చెప్పలేదు. నజీమా ఉత్త భయస్తురాలని అందరూ ఆమెని ఆటపట్టించారు.

శేషారత్నం ఆసుపత్రి నుంచి పొర తెచ్చి భర్త ముందు పెట్టింది. నోట్లో కవరు పెట్టుకుని తినమంటావా అని ఆయన గునిసినా, చివరికి అంటించుకున్నాడు. ఆవిడ ఫోనులో అనకాపల్లి గుత్తివంకాయ నొక్కింది. ఆయన తెల్లసొనా అన్నం కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలి, ఇంకోటి పెట్టమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆవిడ భీమవరం చేపల పులుసు నొక్కింది. తర్వాత ఏలూరు పులిహోర. తర్వాత నరసాపురం ఆవకాయ. ఆవకాయ దగ్గర ఆయన పళ్ళెం పక్కకి జరిపాడు.

“రత్నం, మీ సంఘంలో అందరూ ఒకే వంటింట్లో వండుతారా?” అన్నాడు. “ఊళ్ళు మారుతున్నాయి గానీ బస్సు మారట్లేదు. ఇవన్నీ నీ వంటలే.”

ఆవిడకి ఒళ్ళు మండింది. వార్డులో రోగులంతా బాగుందంటున్నారని గట్టిగా చెప్పింది.

“బాగోలేదని నీ మొహం మీద అంటారేంటే? పొద్దున్నే మళ్ళీ నువ్వే కదా పెట్టాలి వాళ్ళకి.”

ఆయన వెళ్ళి పడుకున్నాక శేషారత్నం కొత్త పొర అంటించుకుని అదే ఆవకాయ నొక్కి, ఒక ముద్ద తిన్నది. ఆవ ఘాటు ఉంది. మామిడి పులుపు ఉంది. ఉప్పు ఉండాల్సిన చోట ఉప్పు లేదు. కారం ఎవరో చిటికెడు తీసి వెనక్కి వేసినట్టుంది. నూనె పైన తేలే నూనె కాదు, లెక్కపెట్టి వేసిన నూనె. ఆవిడ ముద్ద మింగి నవ్వు ఆపుకోలేకపోయింది. ఇన్ని ఊళ్ళ ఆడవాళ్ళు, తాము జన్మలో మళ్ళీ ఇష్టంగా తినలేమనుకున్న వంటకాన్ని చేత్తో వండుతూ కూడా, ఉప్పు దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబట్టారు. ఎవరూ కావాలని చెయ్యలేదు. చెయ్యే అలా అలవాటు పడిపోయింది. తనిచ్చిన ముద్దపప్పు కూడా అంతే.

ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఇచ్చినవాళ్ళలో ఎవరికీ ఏదీ పోలేదంటే, ఎవరూ ఇష్టమైనది ఇవ్వలేదన్నమాట. ఇష్టం లేని తిండి పొరలోకి ఎక్కించి, దాన్నే వార్డుల్లో పంచిపెట్టారు. రోగులు మర్యాదకి బాగుందమ్మా అంటూ వచ్చారు. వాళ్ళలో ఎంతమంది సత్తిరాజులు రెండు ముద్దలతో లేచిపోయారో.

రెండో శనివారం మీటింగు చీరల షాపు మేడ మీద హాల్లో జరిగింది. శేషారత్నం లేచి ఈ సంగతంతా చెప్పింది. మాణిక్యాంబ గారి మొహం ఎర్రబడింది. భాండారం ఆవిడ ఇన్నేళ్ళ కష్టం, రాష్ట్రమంతా మెచ్చుకుంటున్న పని. ఒక్క మనిషికి నచ్చనంత మాత్రాన అందరి చేతులూ తప్పంటావా అని అడిగారు. ఆ గొంతులో కోపం కన్నా బాధే ఎక్కువ వినిపించింది.

శేషారత్నం నేల చూస్తూ చెప్పింది.

“నేను ఏటా రెండావకాయలు పెడతానండి. ఒకటి మా ఇంటికి, ఉప్పు తగ్గించి, ఫ్రిజ్‌లో పెట్టుకునేది. రెండోది మా ఆడపడుచు వాళ్ళకి, అందరూ పెట్టుకున్నట్టే. అది కలిపి జాడీకెత్తాక బేసిన్ అంచులకి ఇంత కారం, నూనె అంటుకుని ఉంటుంది కదా. అప్పుడు మా ఆయన్ని జాడీ మూతికి వాసెన కట్టే గుడ్డ తెమ్మని బజారుకి తరిమేస్తాను. తలుపు గడియ పెట్టి, ఆ బేసిన్లో వేడివేడి అన్నం వేసి, ఇంకాస్త నూనె పోసి, కలుపుకుని తింటాను. నిలబడే తింటాను. ఏడాదికి ఒక్కసారి. దానికోసం ఏడాదంతా ఎదురుచూస్తాను.”

అమలాపురం నుంచి వచ్చిన ఫ్లోరెన్సు మొదట చెయ్యెత్తింది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, “ఆయ్, నాది ఎండు మెత్తళ్ళ ఇగురండి, చద్దన్నంలోకి. పిల్లలు స్కూలుకెళ్ళాక,” అంది. దాంతో కట్ట తెగింది. ఒకామె కారు అద్దాలు ఎత్తేసుకుని బీచి రోడ్డులో బజ్జీలు తింటుందట. ఒకామె మిల్క్‌మెయిడ్ డబ్బా స్నానాల గదిలో దాస్తుందట. వార్డుల్లో పులుల్లా తిరిగే మనుషులు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. మనం మాత్రం ఉప్పూ కారం తినే మనుషులం కామా అని ఎవరో అన్నారు. చివరికి మాణిక్యాంబ గారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“గొట్టం కాజా,” అన్నారు. “షుగరుందని తెలిసి కూడా. కొరికితే పాకం మోచేతి దాకా కారాలి. ఇంతకన్నా నన్నేం అడక్కండి.”

నవ్వులు తగ్గాక నజీమా లేచింది. ఇన్నాళ్ళూ నా మాట తప్పని మీరు నవ్వితే నేనూ సంతోషించాను, ఇకమీదట తప్పు కాదు అంది. ఎవరినీ బలవంతపెట్టద్దంది.

“అది పోయాక మీకు వాసన తెలుస్తుంది మేడమ్, ఉప్పు తెలుస్తుంది, కారం తెలుస్తుంది. ఎందుకు తింటున్నామో మాత్రం తెలియదు.”

కొంతమంది ఆ రోజే ఇస్తామని పేరు చెప్పారు. కొంతమంది తల వంచుకుని హ్యాండుబ్యాగు సర్దుకున్నారు. వాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు. మాణిక్యాంబ గారు, నాకు ఇంకొన్నాళ్ళు కాజా తిననివ్వండర్రా అని బతిమాలినట్టు అడిగారు, అందరూ సరేనన్నారు. మొదటి పేరు శేషారత్నానిది.

మామిడికాయలకి అది మంచి అదను. మరుసటి వారమే హాలు వెనక వంటగదిలో పీట వేసుకుని కూర్చుని శేషారత్నం ఆవకాయ కలిపింది. ముక్కలు, ఆవపిండి, కారం బాగానే పడ్డాయి. ఉప్పు దగ్గర, గుప్పెడు తీసిన చెయ్యి డబ్బా అంచు మీద దానంతట అదే వదులైంది. సగం ఉప్పు జారి డబ్బాలో పడింది. ఆవిడ మళ్ళీ తీసింది. మళ్ళీ అంతే. ఫ్లోరెన్సు పక్కన గొంతుక్కూర్చుని, ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని, చేతిని డబ్బాలోకి ముంచి నిండుగా తీయించి బేసిన్లో ఒంపించింది. అనుమానానికి ఇంకాస్త ఒంపించింది. నువ్వుల నూనె మాణిక్యాంబ గారే పోశారు, కళ్ళు మూసుకుని.

జాడీకెత్తాక ఖాళీ బేసిన్లో పొగలు కక్కే అన్నం వేశారు. నజీమా పొర అంటించి, నిజంగానే ఇస్తారా అని మరోసారి అడిగింది. శేషారత్నం తలూపింది. అందరూ తలా ఒక ముద్ద తీసుకుని, ఆవిడ కోసం ఆగారు. ఆవిడ లేచి నిలబడింది. నిలబడే కలిపి నోట్లో పెట్టుకుంది.

ఆవ ముక్కుకి ఎక్కింది, కళ్ళు చెమర్చాయి, ఆ వెనకే నూనె కమ్మదనం, ఇంకా పచ్చివాసన పోని కారం, అన్నం వేడికి నాలుక కాలడం. ఒళ్ళంతా ఎప్పటిలాగే జల్లుమంది. గడియ పెట్టిన తలుపు, వీధిలో చప్పుడుకి అదిరిపడడం, పెళ్ళయిన కొత్తలో మొదటిసారి అలా తిని తనలో తను నవ్వుకోవడం, అన్నీ ఆ ముద్దలో ఉన్నాయి. ఆవిడ మెల్లిగా తిన్నది. తొందరపడాల్సిన పని లేకుండా ఆ అన్నం తినడం అదే మొదటిసారి.

పొర తీసేశాక ఇంకో ముద్ద తిని చూడమంది నజీమా. శేషారత్నం తిన్నది. ఉప్పగా ఉంది. కారంగా ఉంది. ఇంకేం లేదు. ఆవిడ ముద్ద నోట్లో ఉంచుకునే ఏడ్చేసింది. ఈసారి ఎవరూ ఫొటో తీయలేదు. ఫ్లోరెన్సు ఆవిడ చెయ్యి కడిగి, చీర కొంగుతో తుడిచింది, చంటిపిల్లకి తుడిచినట్టు.

ఆదివారం మధ్యాహ్నం శేషారత్నం ఇద్దరికీ పళ్ళేలు పెట్టింది. ఆయన పళ్ళెంలో తెల్లసొన, అన్నం. తన పళ్ళెంలో హాల్లో కలిపిన ఆవకాయ, అన్నం. ఆయన దానివంక చూసి, ఇదెప్పటినుంచి అన్నట్టు కనుబొమ్మలెత్తాడు. ఆవిడ పొర అందించింది. భాండారంలో కొత్తగా చేరినది నొక్కింది.

సత్తిరాజు మొదటి ముద్ద పెట్టుకుని ఆగిపోయాడు. నమలడం మానేసి ఆవిడని చూశాడు. తర్వాత గబగబా నమిలాడు. రెండో ముద్ద, మూడోది. నుదుటి మీద చెమట పట్టింది. చప్పిడి అన్నం తింటూ ముక్కు ఎగబీలుస్తున్నాడు.

“ఇది బేసిన్ అన్నం,” అన్నాడు. “ఎవరో దొంగచాటుగా తిన్నది. ఎవరా దొంగ?”

ఆవిడ మొహం చూసి ఆయనకి అర్థమైపోయింది. పగలబడి నవ్వాడు. నవ్వుతూనే పళ్ళెం సగం ఖాళీ చేశాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆయన దవడలు అలా ఆడుతుంటే శేషారత్నం చూస్తూ కూర్చుంది. ఆవిడకి కావలసిందల్లా అదే. తన పళ్ళెంలో అన్నం మాట మర్చిపోయింది. తింటున్నానని చూపించడానికి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నములుతూ, ఎంతసేపు నమలాలో తెలియనట్టు మొహం పెట్టింది.

ఆయన నవ్వు ఆగింది. ఆయన కండక్టరు, మనుషుల మొహాలు చదివి బతికినవాడు. ఏమైందని అడిగాడు. ఏమీ లేదంది. మళ్ళీ అడిగితే మొత్తం చెప్పింది. చెరకు పిప్పి సంగతీ చెప్పింది.

సత్తిరాజు నోట్లో వేలు పెట్టి పొర పీకి పళ్ళెం అంచున పెట్టాడు.

“నాకొద్దు రత్నం. నీది నువ్వు తీసేసుకో.”

“తీసుకోడానికి లేదండీ. అది ఇక నా దగ్గరికి రాదు. మీరు కూడా తినకపోతే ఇద్దరికీ లేకుండా పోతుంది.”

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు, ఆవ ఘాటు అని చెప్పడానికి ఇప్పుడు నోట్లో పొర కూడా లేదు. చివరికి దాన్ని కడిగి మళ్ళీ అంటించుకున్నాడు. ముద్ద కలిపాడు.

“ఎలా ఉందో చెప్పండి,” అంది ఆవిడ. “మీరు చెబుతుంటే నేను తింటాను.”

ఆయన చెప్పాడు. రూటులో స్టాపులు పిలిచినట్టు వరసగా చెప్పాడు. మొదట ఆవ ఎక్కుతుంది, ముక్కు దూలం దాకా వెళ్ళి దిగుతుంది. అక్కడ నూనె ఎక్కుతుంది, అది దిగదు, చివరిదాకా వస్తుంది. అన్నం వేడి. పులుపు నాలుక పక్కల నుంచుని ప్రయాణం చేస్తోంది. అన్నిటికన్నా వెనక సీట్లో ఒక భయం కూర్చుని ఉంది, ఎవరైనా తలుపు కొడతారేమోనని, అది కూడా కమ్మగానే ఉంది. శేషారత్నం ఆ మాటలు వింటూ తన ముద్ద నమిలింది. నోటికి ఏదీ తిరిగి రాలేదు. కానీ మనిషి ఎదురుగా కూర్చుని తింటున్నాడు, తను తింటున్నది ఏమిటో తనకి ఒకరు చెబుతున్నారు. ఆవిడకి చెప్పలేనంత ప్రేమ కలిగింది ఆయన మీద.

ఆయన పళ్ళెం ఖాళీ అయింది. ఆవిడ గరిటె తీసుకుంది. ఇన్నేళ్ళ కాపరంలో అడగడానికి ధైర్యం చాలని ప్రశ్న, ఏ ఇంట్లో అయినా వడ్డించేవాళ్ళు మొదట అడిగే ప్రశ్న, ఇప్పుడు అడిగింది.

“ఉప్పు సరిపోయిందా అండీ?”

“కాస్త ఎక్కువైందే,” అన్నాడు సత్తిరాజు, మారు కోసం పళ్ళెం ముందుకి జరుపుతూ.